చనిపోయారా, చంపారా

గురువారం, పద్మారావు నగర్

ఈ వారం నా వ్యాసం చదివి మల్లేశన్న నన్ను టీ కొట్టు దగ్గరే నిలదీశాడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో రిటైరైన మనిషి, పేపరు అక్షరం వదలకుండా చదువుతాడు.

"ఏంది తమ్మీ, బడి మీద బాంబులేస్తే పిల్లలు చనిపోయిన్రని రాసినవ్? వాళ్లకేమన్న జరమొచ్చిందా?"

పత్రికలో డెస్క్ వాళ్లు మార్చి ఉంటారని కోపంగానే అన్నాను. ఇంటికొచ్చి నేను పంపిన ప్రతి తీసి చూశాను. డెస్క్ ఏమీ ముట్టుకోలేదు. "బాంబు దాడిలో బడిపిల్లలు చనిపోయారు." ఆ మాట నాదే.

కథలు రాసేవాళ్లకు క్రియాపదం గురించి ఉపన్యాసాలిస్తాను. పెద్ద దేశాల పత్రికలు హంతకుణ్ణి వాక్యంలోంచి తప్పిస్తున్నాయని సభల్లో గొంతు చించుకుంటాను. మరి నా వాక్యంలోంచి ఎవరు తప్పించినట్టు? నన్నెవరూ బెదిరించలేదు. అలవాటు కొద్దీ రాశాను, భయం కన్నా అదే నీచంగా ఉంది. మ్యాన్‌హోల్‌లోకి దింపిన కార్మికుల గురించి కూడా ఇన్నేళ్లూ "చనిపోయారు" అనే రాశానేమో... పాత కటింగులు చూడాలి.

సవరణ వేయమని ఎడిటర్‌కి ఫోన్ చేశాను.

"క్రియాపదానికి సవరణేంటండీ బాబూ, జనం నవ్విపోతారు."

నవ్వనీ. వేయకపోతే వచ్చే వారం వ్యాసం ఆ వాక్యంతోనే మొదలవుతుంది. దాన్నీ కొట్టేస్తే నా కాలమ్ ఇంకెవరైనా రాసుకోవచ్చు.

వాక్యం ఇప్పుడే రాసిపెట్టాను, పొద్దున ముందు మల్లేశన్నకే చూపిస్తాను. ఆ బాంబులేసిన దేశం పేరుతో మొదలై "చంపింది" దగ్గర ఆగుతుంది.