అనాకారి అన్నందుకు

ల్యుబ్లియానా, మంగళవారం

ప్రియమైన స్తోయాంకా అక్కకు,

ఫోన్లో చెబుదామంటే నీ కోడలు స్పీకరు పెట్టి ఇంటిల్లిపాదికీ వినిపిస్తుంది. ఇది నీ ఒక్కదానికే చెప్పాల్సిన సంగతి. అందుకే ఇన్నాళ్ళకు పెన్ను పట్టాను.

ఇక్కడ నేజా అనే ఆవిడ ఇంట్లో, పాలుతాగే పాపను చూసుకునే పనికి నిన్న మొదటిసారి వెళ్ళాను. రెండు వారాలు చూసి, నచ్చితే ఉంచుకుంటారట. ఇది పోతే మళ్ళీ మీ ఇంటికే రావాలి.

ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. ఇంట్లో తొడుక్కునే చెప్పులు నావే తీసుకెళ్ళాను. నువ్విచ్చిన ఎర్రమిరపకాయల పచ్చడి సీసా బల్ల మీద పెట్టాను. అంతకుముందే, గడప దాటబోతూ పెత్కా పునీతురాలిని తలుచుకుని సిలువ గుర్తు వేసుకున్నాను.

చేతులు కడుక్కుని పాపను ఎత్తుకున్నాను. జార్యా దాని పేరు. నన్ను చూసి నవ్విందక్కా! ఆగలేకపోయాను. "తూ తూ తూ! ఎంత అనాకారివే తల్లీ!" అనేశాను.

ఆవిడ ఈ దేశపుదే అయినా మన భాష బాగానే తెలుస్తుంది. ముఖం పాలిపోయింది. పాపను నా చేతుల్లోంచి తీసేసుకుని, "దాని నిద్రవేళయింది" అంది. సాయంత్రం దాకా మళ్ళీ నా చేతికివ్వలేదు.

దిష్టి తగలకుండా ముద్దొచ్చే బిడ్డల్ని మేం అలాగే అంటామని చెబుదామనుకున్నాను. చెప్పకుండానే పాల సీసాలు కడిగి వచ్చేశాను. గదిలో కాలు నిలవక తిరుగుతున్నాను. ఏం చెయ్యమంటావు?

నీ చెల్లెలు,
దోబ్రిలా

*

పిరోత్, ఆదివారం

ప్రియమైన మా పిచ్చిమొద్దుకు,

కోప్పడకు. ఇరుగుపొరుగు కాఫీలకు చేరినప్పుడు నీ ఉత్తరం పైకి చదివేశాను. నా కడుపులో మాట దాగదని నీకు తెలుసుగా. అందరూ ఒకటే నవ్వు. పొరుగింటి వీదోసవా, "పట్నంవాళ్ళ పిల్లల్ని సంతలో గుమ్మడికాయల్లా పొగడాలే, దానికి చెప్పు!" అంది.

అది చెప్పిందే మంచిది. దిష్టీ గిష్టీ అని వివరాలు మొదలుపెట్టావంటే మూఢురాలివనుకుంటారు. నలుగురిలాగే "ఎంత అందంగా ఉందో" అను. పైన దేవుడున్నాడు.

ఇంకో మాట. రాయడానికి చెయ్యి రావడం లేదు. నీ గదిలో కోడలు కుట్టుమిషను పెట్టింది. నీ మంచం కొట్టంలోకి పోయింది. "అది నా చెల్లెలి గది" అన్నాను. "ఆవిడ వస్తే చూద్దాంలే అత్తయ్యా" అంది. ఎలాగైనా అక్కడే నిలదొక్కుకోవే.

నీ మేలు కోరే అక్క,
స్తోయాంకా

*

ల్యుబ్లియానా, శనివారం

ప్రియమైన అక్కా,

నువ్వు చెప్పినట్టే అన్నాను. "ఎంత అందంగా ఉందో మీ పాప" అన్నాను, ఒకసారి కాదు. అన్నకొద్దీ ఆవిడ ఇంకా బిగుసుకుపోయింది.

నిన్నటితో గడువు తీరింది. పాప నా ఒళ్ళో ఉంది. నేజా ఎదురుగా కూర్చుంది.

"దోబ్రిలా గారూ, మొదటిరోజు అనాకారి అన్నారు. ఇప్పుడు అందమంటున్నారు. ఏది నిజం?"

"రెండూ నిజమేనమ్మా. మా వైపు బిడ్డ మరీ ముద్దొస్తే అనాకారి అంటాం. అందం అంటే కన్ను పడుతుంది."

"దాని మచ్చను చూసి కాదా?"

ఆవిడకెందుకు గుచ్చుకుందో అప్పుడు తెలిసిందక్కా. పాప ఎడమ చెంపంతా పుట్టుమచ్చ, ద్రాక్షసారా ఒలికినట్టు ఎర్రగా. నీకు రాయనే లేదు. దాని మీద పాలు తుడుస్తూనే ఉన్నాను, రాయాలని తోచలేదు. ఆ చెంపను చూస్తూ ఆ తల్లి ముందు నేను ఏమన్నానో! భూమిలోకి కుంగిపోయాను.

నేజా ఏడవలేదు. "వచ్చినవాళ్ళందరూ ఎంత బాగుందో అని కిటికీవైపు చూస్తారు. మీరొక్కరే ముఖంలోకి చూసి అన్నారు. కోపమొచ్చింది గానీ, రావద్దని చెప్పలేకపోయాను. తర్వాత మీరూ వాళ్ళ పాటే ఎత్తుకున్నారు" అంది.

"సోమవారం రానా అమ్మా?"

"రండి. ఆ మాట మాత్రం వద్దు. అర్థం తెలిసినా గుచ్చుకుంటోంది."

సరేనన్నాను. పని నిలిచింది, నేను నిలవలేకపోతున్నాను. పాప నవ్వితే చాలు, మాట నాలుక చివరికొస్తుంది. మింగేస్తాను. ఎవరి కన్ను పడుతుందోనని ప్రార్థనలోనూ మనసు కుదరదు. రోజూ పొద్దున దీపం పెట్టేటప్పుడు నా బదులు నువ్వు అను, జార్యా అనాకారి అని. మూడుసార్లు తూ అని ఉమ్మడం మరవకు. ఆ తల్లికి అంతదూరం వినపడదు.

ఈ కాగితాలు దాచు, చింపకు. కాఫీల దగ్గర మాత్రం తియ్యకు. వీదోసవాకు కూడా చూపించకు. ఆ పసిదాని చెంప సంగతి నలుగురి నోళ్ళలో పడకూడదు.

నీ
దోబ్రిలా