నాలుగో వరుస మధ్య కుర్చీ

పురపాలక కమిషనర్ గారి సముఖమునకు, బస్‌స్టాండు వెనుక వీధి దర్జీ చేసుకొను మనవి.

అయ్యా,

విషయం: టౌన్‌హాలు ముఖాముఖి సభలకు నన్ను ఏడాదిపాటు రానీయరాదను తమ ఉత్తర్వు రద్దు గురించి, మరియు తొమ్మిదో నంబరు బస్సు గురించి.

1. నా భార్యకు రెండు కిడ్నీలూ చెడినవి. వారానికి మూడుసార్లు పెద్దాసుపత్రిలో డయాలసిస్ జరుగవలెను, తప్పినచో ప్రాణానికే ముప్పు. మా వీధి నుండి అక్కడికి వెళ్ళు ఒకే ఒక్క బస్సైన తొమ్మిదో నంబరును మాజీ ఛైర్మన్ గారు ఎత్తివేయించిరి. ఆటో దొరికిననాడు వెళ్ళుచున్నాము. దొరకనినాడు లేదు.

2. అప్పట్లో ప్రతిపక్షంలో ఉన్న నేటి ఛైర్మన్ గారు మా కొట్టుకు వేంచేసి, నేను కాజాలు కుట్టు స్టూలుపై కూర్చుండి, సభలో గొడవ చేయు విధానమును స్వయముగా నేర్పిరి. "ముందు వరుసలో కూర్చోకు, ఈజీగా లాగేస్తారు. నాలుగో వరుస, మధ్య కుర్చీ. నిన్ను బయటికి ఈడ్చాలంటే వరుసంతా లేవాలి. ఈలోగా నువ్వు అడగాల్సింది అడిగేస్తావు" అని సెలవిచ్చిరి. అటులనే చేసితిని. అప్పటి ఛైర్మన్ గారు నన్ను రౌడీ అనిరి. వీరు నన్ను కౌగిలించుకుని "ప్రజల గొంతు" అనిరి. ఆ ఫోటో నేటికీ కొట్టులో ఉన్నది.

3. ఎన్నికలలో వీరు గెలిచిరి. బస్సు రాలేదు. వీరి సభకు వెళ్ళితిని. నాలుగో వరుసలో మధ్య కుర్చీ లేదు. అన్ని వరుసలలోనూ మధ్య కుర్చీలు తీయించి దారి వేయించి ఉన్నారు. గురువు గారికి తెలియని కిటుకు మా దగ్గర ఏముండును? పక్క కుర్చీలో నుండే లేచి, పాత ప్రశ్నే పొల్లు పోకుండా అడిగితిని. "అవతలి పార్టీ పంపిన మనిషి వీడు. సభకో మర్యాద ఉండదా?" అనిరి. ఏరు దాటాక తెప్ప తగలేయుట లోకసహజమే. తెప్పను రౌడీ అనుట ఇప్పుడే చూచితిని.

నన్ను బయటికి నడిపించినది మా బావమరిది. నిరుడు నా పక్కనే నిలబడి అరిచినవాడు, ఇప్పుడు వీరి పార్టీ వార్డు కార్యదర్శి. "ఏమనుకోకు బావా. అప్పుడు మనం వాళ్ళని అడిగాం. ఇప్పుడు నువ్వు మనల్ని అడుగుతున్నావు" అన్నాడు. ఆ బస్సెక్కవలసినది వాడి సొంత అక్క.

4. మరునాడు మాజీ ఛైర్మన్ గారు అదే స్టూలుపై కూర్చుండి, వాక్ స్వాతంత్ర్యమునకు ఇది చీకటి రోజని కంట తడి పెట్టిరి. "బస్సు తీసేయించింది తమరే కదండీ" అంటిని. "ఇలాంటి టైములో రాజకీయాలెందుకయ్యా" అనిరి.

5. కావున నేను రౌడీనో, ప్రజల గొంతునో, ఎవరు గెలిచినా మారకుండునట్లు తమ కార్యాలయము ఏదో ఒకటి ఖాయము చేయవలెను. నాకు కోపము వచ్చుచున్నది అయ్యా. ఉత్తర్వు రద్దు చేయించుడు. లేదా బస్సు వేయించుడు. రెండవది చేసినచో మొదటిది నాకు అక్కరలేదు.

తీరిక చూసుకుని కాక, త్వరగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దర్జీ

తా.క.: నిషేధం నా ఒక్కడి మీదే కాబట్టి వచ్చే సభకు మా ఆవిడ వస్తానంటోంది. సరిగ్గా ఆ రోజే ఆమెకు డయాలసిస్ కూడా ఉంది. బస్సుంటే ఆస్పత్రికే వెళ్తుంది, మీ జోలికి రాదు. వస్తే మాత్రం గట్టిగా మాట్లాడలేదు, మైకు కాస్త దగ్గరగా పట్టించండి. ఒకవేళ రాకపోతే, హమ్మయ్య, గొడవ లేదు అనుకోకండి. ముందు బస్సు వేశారో లేదో చూసుకోండి.