మొక్కు లేని గుండు

భద్రాచలం,
ఆదివారం

అక్కయ్యకీ, బావగారికీ నరసింహం నమస్కారాలు. బావగారి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? రవి పరీక్షలు బాగా రాశాడా? నీ ఆయాసం ఎలా ఉంది? ప్రతి ఉత్తరంలోనూ ‘ఇక్కడ మేమందరం క్షేమం’ అని రాసేవాణ్ణి. ఈసారి కూడా అదే రాయబోయి కలం ఆపాను. కంగారు పడకు అక్కా. చిట్టి ఇప్పుడే రెండు ఇడ్లీలు తిని, అరుగు మీద గవ్వలాడుకుంటోంది. అయినా నీకు చెప్పాల్సింది ఒకటుంది. అది రాయడానికి సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఇక్కడ ఎండలు మన వైపు కంటే ఎక్కువ. బీడీల తునికాకు కల్లంలో పని ముమ్మరంగా ఉంది. అడవి పల్లెల ఆడవాళ్ళు ఆకు కోసి, కట్టలు కట్టి తెస్తారు. వాటిని ఎండలో పరిపించి, తిరగేయించడం నా పని. వాళ్ళ మాట నాకు రాదు, నా మాట వింటే వాళ్ళకి నవ్వు. గోంగూర దొరుకుతోంది గానీ మన ఊరి పులుపు లేదు. ఊరుగాని ఊళ్ళో మనసు విప్పి మాట్లాడే మనిషి లేడనుకునేవాణ్ణి. తప్పు నాదేనని మొన్న గురువారం తెలిసింది.

చిట్టికి గుండు చేయించి రాములవారి మొక్కు తీర్చామని, ఫోటో కూడా పంపాను కదా. అది అబద్ధం. మేం ఏ మొక్కూ మొక్కుకోలేదు. మందుకి జుట్టంతా ఊడిపోతే, మిగిలిన నాలుగు వెంట్రుకలూ ఇంటి దగ్గరే మంగలి చేత తీయించాను. శివరాత్రి వెళ్ళాక దానికి జ్వరం వచ్చి, ఎన్నాళ్ళకీ తగ్గలేదు. ఒంటి మీద నల్లటి మచ్చలు లేచాయి. హైదరాబాదు పెద్దాసుపత్రిలో చూపిస్తే రక్తం కేన్సరన్నారు. ఎనిమిదేళ్ళ పిల్లకి కేన్సరేమిటని డాక్టరుతోనే పోట్లాడాను. శారద మాత్రం పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మందు పేరు వింక్రిస్టిన్. దాన్ని బిళ్ళగన్నేరు మొక్క నుంచి తీస్తారట, మన పెరట్లో నూతి పక్కన పూసే ఆ బిళ్ళగన్నేరే. ఆ మాట వినగానే నా ముఖం ఎలా మారిందో ఏమో, “ఇంటికెళ్ళి ఆకులు నూరి పోసేవు, పిల్ల చచ్చిపోతుంది” అని డాక్టరు కసిరాడు. దానితోపాటు వేరే మాత్రలు కూడా ఉన్నాయి. వారానికోసారి ఇక్కడి డాక్టరు నరంలోకి ఎక్కిస్తాడు. ఒక్క చుక్క నరం బయట పడినా కండ కాలిపోతుందట. ఆ మందుకి దాని కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, దవడలు నొప్పంటుంది, విరేచనం సరిగ్గా అవదు. అయినా జ్వరం పోయింది, మచ్చలు పోయాయి. ఇంకా రెండు మూడేళ్ళు మందులు వాడాలి. నిలబడుతుందని ఆశ ఉంది గానీ మాట ఇవ్వలేనన్నాడు డాక్టరు.

హైదరాబాదు నుంచి తెచ్చుకున్న ఆ మందు సీసాల్ని చల్లగా ఉంచాలి. మా వీధిలో ఫ్రిజ్ ఉన్నది కూల్‌డ్రింకుల కొట్టు వాళ్ళింట్లోనే. ఆ ఇంటావిడ ఫాతిమమ్మని అడిగితే వెంటనే సరేనంది. ఏం మందని అడిగింది. జబ్బు పేరు చెబితే అంటుకుంటుందని భయపడతారేమో, ఇల్లుగలాయన చెవిన పడి ఖాళీ చేయమంటాడేమో అనుకున్నాను. “పాపకి షుగరమ్మా, దాని ఇంజక్షను” అన్నాను. వాళ్ళ అత్తగారికీ షుగరే. పాపం చిన్నపిల్లకి కూడానా అని ఆవిడ కళ్ళొత్తుకుంది. ఆ రోజు నా తెలివికి నేనే మురిసిపోయాను.

మొన్న గురువారం పొద్దున ఇంజక్షను కోసం చిట్టిని వెంటబెట్టుకుని సీసా తీసుకురావడానికి వెళ్ళాను. వాళ్ళ అత్తగారు, ఆ ముసలావిడ, రవిక చెయ్యి జబ్బ మీదికి మడిచి కూర్చుంది. ఫాతిమమ్మ చేతిలో సిరంజి, పక్కన స్టూలు మీద మా సీసా, ఖాళీగా.

“ఏమనుకోకన్నా, అమ్మ మందు నిన్ననే అయిపోయింది. దుకాణం ఇంకా తెర్వలే. మీ పాపది ఒకటి తీసుకున్న. జరసేపట్ల కొత్తది తెచ్చి పెడ్త” అంది.

నేను ఒక్క ఉరుకున వెళ్ళి సిరంజి లాక్కున్నాను.

“ఏందన్నా, గట్ల గుంజుకుంటున్నవ్?”

అక్కా, అప్పుడైనా నిజం చెప్పానా? లేదు. “అది పాత మందమ్మా, తారీఖు దాటిపోయింది” అన్నాను.

“మరి చెడిపోయిన మందు మీ బిడ్డకెందుకు ఇప్పిస్తున్నవ్?”

ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. గుమ్మంలో చిట్టి నిలబడి ఉండగానే అంతా చెప్పేశాను. ఆ మందు ముసలావిడ కండలోకి పోయుంటే ఏమయ్యేదో కూడా చెప్పాను. ఫాతిమమ్మ నన్ను తిట్టలేదు, తిడితే బాగుండేది. “కేన్సరంటే మేం తలుపేస్తమనుకున్నవా అన్నా? బిడ్డ మందుకు గింత జాగ ఇయ్యమా?” అంది.

ముసలావిడ చీర కొంగు భుజం మీదికి లాక్కుంటూ, “నా సంగతి ఇడ్సిపెట్టు బిడ్డా. పోరికి ఇయ్యాల్సిన మందు పాడైపాయె గదా, ఇప్పుడెట్ల?” అంది. ఇంకో రెండు సీసాలున్నాయమ్మా అన్నాక గానీ ఆవిడ ఊపిరి పీల్చుకోలేదు. నేను ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాను. ఫాతిమమ్మ పాలగిన్నె కింది అరలోకి దించి, మా సీసాలు పై అరలో విడిగా పెట్టింది. ‘పాప మందు, ఎవ్వరు ముట్టద్దు’ అని చీటీ రాసి దారంతో కట్టింది.

చిట్టిని సైకిలు మీద ఆసుపత్రికి తీసుకెళ్తుంటే అడిగింది, “నాన్నా, ఫాతిమా ఆంటీకి తెలిసిపోయిందిగా, ఇంక దేవుడికి జుట్టిచ్చానని చెప్పక్కర్లేదా?”

“అక్కర్లేదమ్మా.”

“మరి రాములవారు నా జుట్టేదని అడిగితే?”

సైకిలు దిగి నడిపించుకుంటూ వెళ్ళాను. ఎవరడిగినా మొక్కని చెప్పమని దానికి నేర్పింది నేనే. ఒంట్లో అంత జబ్బు పెట్టుకుని అది నా అబద్ధాన్ని కూడా మోసింది.

నీ దగ్గరెందుకు దాచానో తెలుసా? ఉయ్యాల్లో ఉన్నప్పుడే ‘ఇది నా కోడలు, మా రవి పెళ్ళాం’ అని నువ్వు దాని చేతికి గాజులు తొడిగావు. నిజం తెలిస్తే వెనకాడతావేమోనని భయపడ్డాను. నన్ను ఎత్తుకు పెంచిన నిన్ను అంత తక్కువగా చూశాను. ఆ సిగ్గు ఇంకా పెద్దది. ఆ మాట నీకు తిరిగి ఇచ్చేస్తున్నాను అక్కా. రవిని దానికి కట్టుబడి ఉండమనకు. నేనేమీ అనుకోను, నా ఒట్టు.

కానీ మొక్కు తీరిందని సంతోషించి నువ్వు పంపిన పట్టు పరికిణీ ఉంది చూడూ, దాన్ని మాత్రం వెనక్కి పంపమనకు. ఇంకా మడత విప్పలేదు. చిట్టి రోజూ పెట్టె తెరిచి చేత్తో తడిమి మళ్ళీ మూస్తోంది. అబద్ధం చెప్పి తెచ్చుకున్న బట్ట పిల్లకి తొడగడానికి నాకు చేతులు రావడం లేదు. తొడగమని ఒక్క కార్డు ముక్క రాయి.

బావగారి పాదాలకీ, నీ పాదాలకీ దణ్ణాలు. రవికి ముద్దులు. పక్కింటి మామ్మగారికి మా నమస్కారాలు చెప్పు, ఆవిడకి కూడా నిజమే చెప్పు. శారద నిన్ను మరీ మరీ అడిగానని రాయమంది. దేవుడి దగ్గర దీపం పెట్టేటప్పుడు పిల్లని తలుచుకో.

చిట్టి కూడా ఈ ఉత్తరం కింద అత్తకి రెండు ముక్కలు రాస్తానంటోంది. ఏం రాయాలో ఈసారి నేను చెప్పలేదు.

నీ తమ్ముడు,
నరసింహం

అత్తా నాకు గుండు దేవుడికి కాదు. జబ్బుకి. పరికిణీ బాగుంది.
చిట్టి