ఫిడేలూ కావాలి, సబ్బాతూ కావాలి

అమ్మమ్మా,

రేపటి భోజనానికి చోలెంట్ పులుసు కుండ పొయ్యి మీద పెట్టాను. సబ్బాతు దీపాలు వెలిగించేలోపే మంట తగ్గించు, మూత మాత్రం తీయకు.

శనివారం జరగాల్సిన బడి వాద్యబృందం ఎంపికను కోస్టెల్లో మాస్టారు నా కోసం ఈ సాయంత్రానికి మార్చారు! "మాస్టారూ, మా యూదుల శనివారం, శుక్రవారం పొద్దు వాలగానే మొదలైపోతుందండీ" అన్నాను. ఆయన తల పట్టుకుని, "అయితే అందరికంటే ముందు నువ్వే వాయించు తల్లీ!" అన్నారు. నా కాళ్లు నేల మీద నిలవడం లేదు.

"ఫిడేలా, సబ్బాతా, ఒకటి తేల్చుకో" అని నిన్న దెప్పావు. రెండూ అమ్మమ్మా, రెండూ!

ఆలస్యమైతే నా కోసం ఆగకు, దీపాలు వెలిగించు. సబ్బాతు మొదలయ్యాక ఫిడేలు వాయించకూడదు, మోయకూడదు కదా, దాన్ని బడిలోనే వదిలి వట్టిచేతులతో నడిచి వస్తాను.

— హిండా

వీధిలో ఈల వినబడితే నేను ఎంపికైనట్టే. ఆడపిల్లకు ఈలేమిటని ఈ ఒక్కరోజు తిట్టకు.