వెనక గుండీల గౌను

విశాఖపట్నం

మా అప్పకు,

చెల్లెలు దమయంతి నమస్కరించి రాస్తున్నది. కాశీబుగ్గలో నువ్వూ బావా పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ దగ్గు తగ్గిందా? జీడిపప్పు పొట్టు తీసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోమన్నాను, కట్టుకోవని నాకు తెలుసు. మేం ముగ్గురం బాగానే ఉన్నాం, బెంగ పెట్టుకోకు. ఎస్టీడీ బూత్‌లో మాట్లాడదామంటే నీ గొంతు వినగానే ఏడుపు తప్ప మాట రాదు. పైగా ఇది నోటితో చెప్పగలిగే సంగతి కాదు.

ఇక్కడ ఒకటే ఉక్కపోత. సముద్రం అదే అయినా గాలి మన ఉద్దానం గాలి కాదు. మీ మరిది బోటెక్కి వెళితే వారం దాకా రాడు. పక్కింటివాళ్లు మంచివాళ్లే, కానీ నేను మాట్లాడితే నా యాసకు నవ్వుకుంటారు. పనసకాయ కూర తిని రెండు నెలలైంది. అయినా బాగానే ఉన్నాం.

మా పిల్ల నూకాలు బడి గురించి అడిగావు. దాని కోసమే కదా ఊరు విడిచి వచ్చాం. తొమ్మిదేళ్లొచ్చినా నాలుగేళ్ల పిల్లలా ఉందని మనవాళ్లు వేలెత్తి చూపిస్తే, ఇక్కడ దానిలాంటి పిల్లలు ఇంకో ఏడుగురున్నారు. వాళ్ల టీచరు శారద నాకంటే పదేళ్లు చిన్నది. ఆ తరగతిలో పలకా బలపం కంటే చేత్తో పట్టుకునే సామాన్లే ఎక్కువ. గరుకు కాగితం కత్తిరించి అట్టకు అంటించిన అక్షరాలు, రంగు పూసలు, చెక్క చట్రానికి గుడ్డ బిగించి పెద్ద గుండీలు కుట్టినది ఒకటి. పిల్లలు తడిమి తడిమి నేర్చుకుంటారట, తల్లులం పక్కన కూర్చుని చూస్తాం. ఈ ఆటసామాన్ల కోసమా ఇంత దూరం వచ్చాం అనుకున్నాను.

బడిలో చేరిన పద్దెనిమిది రోజులకు నూకాలు ఆ చట్రం మీద గుండీ పెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. కానీ అప్పా, నీ దగ్గర దాపరికమెందుకు, నా కడుపు మండిపోయింది. తొమ్మిదేళ్లుగా నా చేత్తో పెట్టిన గుండీ అది. నేను నేర్పితే రానిది ఆ చెక్కముక్క నేర్పిందా? పైగా గుండీ పెట్టాక నూకాలు నావైపు చూడలేదు, టీచరు వైపు చూసి నవ్వింది.

మర్నాటి నుంచి నేనేం చేశానో విని తిట్టుకో. ముందు గుండీలున్న గౌనులన్నీ పెట్టె అడుగున దాచేశాను. వెనక గుండీలవే తొడిగాను. వెనక్కి దాని చెయ్యి అందదు కదా, వచ్చి నాకు వీపు తిప్పి నిలబడాల్సిందే. అలా నిలబడితే నాకు ప్రాణం కుదుటపడేది.

టీచరు రెండుసార్లు అడిగింది, "ముందు గుండీల గౌను వేసి పంపండమ్మా, ఇంట్లో కూడా అలవాటవుతుంది" అని.

"అన్నీ ఉతికీసినానండి, ఆరనేదు" అన్నాను.

పెట్టె తెరిచిన మీ మరిది ఊరుకుంటాడా? "పిల్ల నేర్సుకుంతంటే నీకేటే కుళ్లు?" అన్నాడు. పెట్టె మూత దబ్బున వేసేశాను. ఉన్నమాటంటే ఉలుకెక్కువ.

ఇంకొకటి ఉంది. ఎర్ర పూసలు ఒక గిన్నెలో, నీలం పూసలు ఇంకో గిన్నెలో వేయమంటే నూకాలు మూడు వారాలైనా వేయలేదు. టీచరు ఓడిపోయిందని లోలోపల సంబరపడ్డాను. ఆమె మాత్రం, "పాపకు బాగా తెలిసిన వస్తువేదైనా ఇంటి నుంచి తెండి" అంది. నువ్వు పంపిన ఏరని జీడిపప్పు పట్టుకెళ్లి చాటలో పోశాను. నూకాలు చాట ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. గుండ్లు ఒకవైపు, బద్దలు ఒకవైపు, ముక్కలు ఒకవైపు. చాట కేసి చూడనైనా చూడలేదు, వేళ్లే ఏరుకుపోయాయి. తరగతి మొత్తం చుట్టూ చేరింది.

"ఎవరు నేర్పారమ్మా?" అంది టీచరు.

"నానే నేర్పినానండి" అన్నాను.

నోరు జారింది కాదు, కావాలనే అన్నాను. నేను చేపల గంపతో ఊళ్లు తిరిగినన్నాళ్లూ పిల్ల నీ ఒళ్లో కూర్చుని ఏరిందని నాకు తెలియదా? టీచరు మీద ఉన్న కుళ్లు చాలదని నీ మీద కూడా కుళ్లుకున్నాను. దాని వేళ్లలో ఉన్న ఒక్క విద్యా నా దగ్గరిది కాదని.

అబద్ధం ఎంతసేపు నిలిచింది? మూడు కుప్పలూ అయ్యాక నూకాలు నావైపు తిరిగి నోరు తెరిచింది. ఆకలేమోనని జీడిపప్పు ముక్క పెట్టాను. ఉమ్మేసి మళ్లీ తెరిచింది. అలాగే నోరు తెరుచుకుని నా చేతుల కేసి చూస్తూ ఉంది. "ఏమిటమ్మా అడుగుతోంది?" అని టీచరు అడిగితే నాకు తెలియలేదు. కన్నతల్లిని, నాకు తెలియలేదు అప్పా. నీ దగ్గర ఏరడం అయిపోగానే దాని నోట్లో ఏదో పెట్టేదానివి కాబోలు. అది బెల్లమా, పటికబెల్లమా?

ఆ సాయంత్రమే నిజం చెప్పేశాను. టీచరు కోప్పడలేదు. "అయితే మీ అక్కను పిలిపించండి, మిగతా తల్లులకు కూడా చూపిస్తారు" అంది. కోప్పడినా బాగుండేది.

కాబట్టి పలాసలో రైలెక్కి రా. బావను ఒప్పించు. ఏరని పప్పు కొంచెం పట్టుకురా, నీ చాట కూడా తీసుకురా. తరగతిలో నువ్వే దాని పక్కన కూర్చో, నేను ఎదురుగా కూర్చుని నేర్చుకుంటాను. కానీ పడుకునేటప్పుడు అది నా పక్కనే పడుకుంటుంది, ముందే చెబుతున్నాను.

ఇవాళ ముందు గుండీల గౌను ఇచ్చాను. ఐదు గుండీలకు చాలాసేపు పట్టింది, ఒకటి పై కాజాలోకి పోయింది. నా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. సరిచేయలేదు.

అమ్మకు నా దణ్ణాలు చెప్పు. బావను అడిగానను, పిల్లలకు ముద్దులు. మమ్మల్ని చల్లగా ఉండమని దీవించు.

నీ చెల్లెలు
దమయంతి

నువ్వు రావడం ఆలస్యమైతే దాని నోట్లో ఏం పెట్టేదానివో ముందు కార్డు ముక్క మీద రాసి పంపు. చాట కనిపిస్తే చాలు, నోరు తెరుస్తోంది.