నారింజ గుడ్డ కట్టిన కర్రలు

కానీ సేవ్ గ్రామం,
మే నెల

రేబ్వార్,

చీమన్ కాలు తీసింది నువ్వే. 'ప్రియమైన తమ్ముడూ' అని మొదలుపెట్టడం నా అలవాటు. ఈసారి చెయ్యి ఒప్పుకోలేదు.

ఎవరో ఆడమనిషి మందుపాతర తొక్కిందని హవ్లేర్ నగరంలో నీకు కబురు చేరే ఉంటుంది. ఎవరో కాదు. మంచు మీద స్కీలతో జారడానికి వచ్చే నీ అతిథులకు పొద్దున్నే రొట్టెలు కాల్చిపెట్టే మన పక్కింటి చీమన్. పుల్లటి రేవాస్ కాడలు కోసుకురావడానికి కొండెక్కింది. మన ఊరి ఆడవాళ్ళు ఏ వసంతంలో ఎక్కలేదు? ఎర్ర త్రికోణం బోర్డు ఉన్నవైపు అడుగు వెయ్యకూడదని ఇక్కడ నడక నేర్చిన ప్రతి బిడ్డకీ తెలుసు. కానీ ఆ బోర్డు మంచు బరువుకి బోర్లా పడిపోయింది. నిలబడి ఉన్నవి నీ కర్రలు. పొగమంచులో నీ జట్టు దారి తప్పకుండా బండల సందుల్లో నువ్వు బిగించి, తలకి నారింజ గుడ్డ కట్టిన కర్రలు. మంచు కరిగిపోయింది. అవి మిగిలాయి.

ఆసుపత్రికి తీసుకెళ్తుంటే వ్యానులో ఏమందో విను. "రేబ్వార్ దారేగా అక్కా అది! అంతమంది దొరల్ని తిప్పాడు, ఒక్కరి కాలికిందా ఏదీ పేలలేదు. నాకేం అవుతుందిలే అనుకున్నా."

నీ కంపెనీ ప్రచార కాగితం నా ముందే ఉంది. 'కుర్దిస్తాన్ శిఖరాల మీద ఎవరూ తాకని మంచు' అట. ఎవరూ ఎందుకు తాకలేదో ఒక్క ముక్క రాశారా? లోతైన మంచు మీద జారి, విమానం ఎక్కి వెళ్ళిపోయేవాళ్ళకి కింద ఏముంటే ఏం? మంచు కరిగాక ఆ కొండ మీద బతికేవాళ్ళు కూడా ఉంటారన్న సంగతి ఆ రంగు బొమ్మల్లో ఎక్కడుంది?

జవాబు రాయి. ఫోన్ చెయ్యకు. నీ గొంతు వింటే మెత్తబడతాను, నాకది ఇష్టం లేదు.

నీ అక్క,
గలావేజ్


హవ్లేర్,
మే నెలాఖరు

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అయినా ఒక మాట అంటాను, కోప్పడితే కోప్పడు. ఆ మందుపాతరలు నేను పెట్టలేదు. యుద్ధానికి వచ్చినవాళ్ళు పెట్టి, తమ దారిన తాము పోయారు. వాళ్ళ మీదా, వాటిని తియ్యని ప్రభుత్వం మీదా పత్రికలో ఏళ్ళుగా దుమ్మెత్తిపోస్తున్నది నువ్వే కదా? ఇప్పుడు చేతికి దొరికినవాణ్ణి నేనా?

కర్రలు తియ్యకుండా దిగిన మాట నిజమే. చివరి జట్టులో ఒకాయన మోకాలు తిరగబడింది. కట్టెలు లాగే మంచుబండి మీద కట్టి దించాం. మర్నాడే ఎండ కాసి మంచు తడిసి, చరియలు జారడం మొదలైంది. ఆ వాలు మీదికి ఎవరినీ పంపలేకపోయాను. అందుకే జీపు ఎక్కేముందు మన గుమ్మంలోకి వచ్చి నీకు చెప్పాను. "మా జట్టు కుర్రాడు శమాల్ గాయపడినాయనతో చోమాన్ ఆసుపత్రికి వెళ్ళాడు. తిరిగి రాగానే, రాత్రి చలికి మంచు గట్టిపడిన ఒక పొద్దున చూసి కర్రలు పీకెయ్యమను." నువ్వు "సరే, పో" అన్నావు.

ఎందుకు తీయించలేదు అక్కా? నిన్ను ఇరికించడానికి కాదు. నిజంగానే అడుగుతున్నాను.

నీ తమ్ముడు,
రేబ్వార్


హవ్లేర్,
జూన్

ప్రియమైన అక్కా,

నువ్వు జవాబు రాయలేదు. నేను ఆసుపత్రికి వెళ్ళాను. గుమ్మం దగ్గరే నిలబడిపోతే చీమనే పిలిచింది. "రావయ్యా గైడూ! ఇక్కడ మందుపాతరలు లేవులే." ఎలా ఉన్నావని అడిగాను. బుద్ధిలేని ప్రశ్న. "బాగున్నా. ఇకనుంచి ఒక కాలి చెప్పే అరుగుతుంది" అంది. పక్క మంచంలో ఉన్నామె నవ్వింది. నేను గోడవైపు తిరిగాను.

తర్వాత నీ గురించి చెప్పింది. "మీ అక్క వస్తుంది, నారింజలు వలుస్తుంది, నా ముఖం మాత్రం చూడదు. ఏదో మింగలేక తిరుగుతోంది."

ఇంకోటి. వచ్చే శీతాకాలం స్కీలకి మా కంపెనీవాళ్ళు మళ్ళీ అదే వాలు ప్రకటించారు. వద్దన్నాను. "మంచు మళ్ళీ కప్పేస్తుంది కదా" అన్నాడు మేనేజరు. తలూపి బయటికి వచ్చేశాను. నీ ఉత్తరంలోని కోపం అప్పుడు నాలో ఉంటే బాగుండేది.

రాయి అక్కా. తిట్టడానికైనా రాయి.

రేబ్వార్


కానీ సేవ్,
జూలై

ప్రియమైన తమ్ముడూ,

శమాల్ తిరిగొచ్చిన రోజే నా దగ్గరికి వచ్చాడు. "అన్న ఏమన్నా చెప్పి వెళ్ళాడా అక్కా?" అని అడిగాడు. లేదన్నాను.

మర్చిపోయి కాదు. నేను పాఠాలు చెప్పే బడి కిటికీలోంచి నీ కర్రలు కనిపించేవి. మంచు ఇంకొంచెం దిగితే ఎర్ర త్రికోణం బోర్డు బయటపడుతుంది. దాని పక్కనే మీ నారింజ గుడ్డ. రెండూ ఒకే ఫోటోలో. ఆ ఒక్క ఫోటో పత్రికలో పడితే మీ కంపెనీ నోరు, మందుపాతరలు తీయించని మంత్రి నోరు ఒకేసారి మూతపడతాయని లెక్క వేసుకున్నాను. వ్యాసం సగం రాసి పెట్టుకున్నాను కూడా. మంచు దిగడం కోసం ఎదురుచూశాను. బోర్డు బోర్లా పడి ఉంటుందని ఊహించలేదు.

ఆ పొద్దున చీమన్ గోనెసంచి భుజాన వేసుకుని మన గుమ్మం ముందునుంచే వెళ్ళింది. "ఉప్పు నూరి పెట్టు, కాడలు తెస్తా" అంది. నవ్వాను. ఏ వైపు వెళ్తున్నావని అడగలేదు. నీ మీద సాక్ష్యంగా నేను నిలబెట్టి ఉంచిన కర్రలే దానికి దారి చూపించాయి.

నీకు మొదటి ఉత్తరం రాసినప్పుడు ఇదంతా నాకు తెలుసు. అందుకే అంత గట్టిగా అరిచాను.

నిన్న చీమన్‌కి చెప్పేశాను. అంతా వింది. తర్వాత అంది: "అంటే ఒకడు వదిలేసిపోయాడు, ఒకతి దాచుకుంది. ఇద్దరూ చదువుకున్నవాళ్ళే! ఇదిగో, ఏడిచావంటే లేచెళ్ళిపో. నేనెలాగూ లేవలేను. కాగితం తీసి నేను చెప్పింది రాయి."

రాశాను. ఒక్క మాట కూడా దిద్దలేదు. మనిద్దరికీ కలిపి చెప్పింది కాబట్టి నీకూ పంపుతున్నాను. ఒప్పుకుంటే రా.

నీ అక్క,
గలావేజ్

చీమన్ అడిగినవి:

– రేబ్వార్ ఊరికి రావాలి. మా ఇంట్లో గుసగుసగా కాదు, టీ కొట్టులో అందరి ముందూ 'కర్రలు నావే' అని చెప్పాలి.

– కర్రలు ఎందుకు తియ్యనివ్వలేదో గలావేజ్ తన పేరు పెట్టుకుని పత్రికలో రాయాలి. నా ఫోటో వెయ్యకూడదు.

– నేల శుభ్రం చేసేదాకా ఆ వాలు మీద స్కీలు వద్దు. కంపెనీ వినకపోతే రేబ్వార్ ఆ పని మానెయ్యాలి.

– వేరే కొండలకి వచ్చే అతిథులకైనా కాళ్ళకింద ఏముందో ముందే చెప్పాలి. విని కూడా వస్తామంటే రమ్మనండి, రొట్టెలు నేనే కాలుస్తా.

– మందుపాతరలు తీసేవాళ్ళని తీసుకురావాలి. ఎవరి కాళ్ళు పట్టుకుంటారో మీ ఇష్టం.

– వచ్చే వసంతంలో రేవాస్‌కి మా ఆడవాళ్ళు ఏ వైపు వెళ్ళొచ్చో మాటల్తో చెప్పొద్దు. ముందు మీరిద్దరూ నడవాలి. వెనక మేం వస్తాం.