నవ్వించే మనిషి ఊళ్లో లేనప్పుడు

మా ఇంటి మహారాణి గారి సముఖానికి,

ఇక్కడ నేనూ, అమ్మా, కెమెరా ముగ్గురం క్షేమం. అక్కడ నువ్వూ, నీ వార్డు పిల్లలూ, నువ్వు అద్దెకుండే ఇంటావిడా, ఆవిడ బొద్దు పిల్లీ అందరూ క్షేమమనే తలుస్తున్నాను. ఫోన్లో నేను "ఊఁ" తప్ప ఇంకో ముక్క మాట్లాడననీ, కాగితం మీదైతే నోరు విప్పుతాననీ నువ్వే పెట్టిన రూలు కదా. ఆ రూలు ప్రకారం ఇవాళ స్టూడియో మూసి మరీ రాయడానికి కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం షట్టరు దించడమేమిటని ఎదురుగా ఉన్న టైలరు అప్పుడే రెండుసార్లు తొంగి చూసి వెళ్లాడు.

నీ ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులైంది. సూదిమందుకి ముందు పిల్లల్ని మాటల్లో పెట్టడానికి ఒక్క ఏడాది కోసమని తీసుకున్న ఆస్పత్రి వాళ్లు ఇప్పుడు నిన్ను ఉండిపొమ్మంటున్నారనీ, ఈ నెలాఖరులోగా జవాబివ్వాలనీ రాశావు. "నేను లేకపోతే స్టూడియో నిజంగానే నడవడం లేదా? ఉన్నదున్నట్టు చెప్పండి. దాన్నిబట్టే వాళ్లకి ఉంటాననో, రాననో చెప్తాను" అన్నావు. చెప్తాను. కానీ నువ్వు కూడా సూది వెయ్యబోయే ముందు పిల్లలకి ఏవో కబుర్లు చెప్తావు కదా. అలాగే ముందు నీ చిన్న ప్రశ్నలన్నిటికీ జవాబులిచ్చి, తర్వాత దానికొస్తాను.

అమ్మ మోకాలు ఎలా ఉందన్నావు. మోకాలు పర్వాలేదు, నోరు మాత్రం దివ్యంగా ఉంది. డాక్టరు మెట్లెక్కొద్దంటే "మా కోడలుంటే నన్ను ఎత్తుకుని ఎక్కించేది" అంది. నీకు చీపురు ఎత్తడమే బద్ధకమని నేను ఆయనకి చెప్పలేదు. నీలం తెర ఉతికారా అన్నావు. ఉతికాను. అది ఇప్పుడు నీలం కాదు. ఏ రంగో నాకూ తెలీదు గానీ దాని ముందు కూర్చున్నవాళ్ల మొహాలు తేటగా వస్తున్నాయి, కాబట్టి తప్పు చేశానని ఒప్పుకోను. ఇక ఆ బస్ కండక్టరూ, బడి పంతులమ్మా గుర్తున్నారా? నువ్వు వెళ్లేముందు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోమంటే కరెంటు తీగ పట్టుకోమన్నట్టు వణికిపోయారు. వాళ్లకి పెళ్లయిపోయింది. మొన్న మళ్లీ వచ్చారు. ఒక ఫోటోకి కాస్త ఎడంగా నిలబడండి నాయనా అంటే వినరే!

సరే, అసలు సంగతికి కాస్త దగ్గరగా జరుగుతాను.

నువ్వు బండెక్కింది ఎండలు ముదురుతున్న రోజుల్లో. అప్పటికి పన్నెండేళ్లుగా మన పద్ధతి ఒక్కటే. నేను కెమెరా వెనక, నువ్వు నా ఎడమ భుజం వెనక. నేను వెలుతురు చూసుకునేవాణ్ణి, నువ్వు మనుషుల్ని చూసుకునేదానివి. నువ్వేదో అనేదానివి, వాళ్లు నవ్వేవాళ్లు, నేను నొక్కేవాణ్ణి. ఇన్నాళ్లూ సగం పని నాదే అనుకున్నాను. నువ్వు వెళ్లాక తెలిసింది, నా మొహం చూసి నవ్వగల మనిషి ఇంకా పుట్టలేదని. ఆముదం తాగిన మొహమని నువ్వు ఊరికే అంటున్నావనుకునేవాణ్ణి. వేసవి సెలవుల్లో ఫోటోకని వచ్చిన ఐదేళ్ల పిల్ల "అమ్మా, ఈ అంకుల్ మనల్ని ఎందుకు తిడుతున్నాడు?" అంది. నేనప్పటికి నోరే తెరవలేదు.

ఆ రోజుల్లో నేను పడిన పాట్లు నీకు కొంత రాశాను, కొంత దాచాను. జోకుల పుస్తకం కొన్నాను. ఒక జోకు చదివి, నొక్కి, ఫోటో చూస్తే అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, నలుగురి మొహాల్లోనూ నా మీద జాలి. జాలి ఫోటోలో ఎంత స్పష్టంగా పడుతుందో నాకు అంతవరకూ తెలీదు. తర్వాత ఎర్ర ముక్కు పెట్టుకుని చూశాను. కవలల్లో ఒకడు ఏడుపు లంకించుకున్నాడు. రెండోవాడు తలుపు తోసుకుని వీధిలో పడ్డాడు. వాడి వెనక వాళ్ల నాన్న, ఆయన వెనక ముక్కుతో సహా నేను. టైలరు ఇప్పటికీ నేనెదురైతే ముక్కు తడుముకుంటాడు. ఆ వేసవి ఫోటోలన్నీ వరసగా పెట్టి చూస్తే ఊరు ఊరంతా పరీక్ష ఫలితాల కోసం ఎదురుచూస్తున్నట్టుంది. "నువ్వు లేక షాపు కుంటుతోంది" అని నీకు రాశాను. అప్పటికది నిజమే.

వానాకాలంలోనూ అదే రాశాను. చలికాలంలోనూ అదే రాశాను. ఆ రెండూ అబద్ధాలు.

కూర్చునే చదువుతున్నావుగా? మంచినీళ్లు తాగి చదువు. ఇంకా ఉంది.

వానలు మొదలైన వారంలో ఒక ముసలి జంట వచ్చింది. ఆయన ఎప్పుడో రిటైరైన లెక్కల మాస్టారు. పెళ్లై యాభై ఏళ్లట. ఇద్దర్నీ బల్ల మీద పక్కపక్కన కూర్చోబెడితే గుర్తింపు కార్డు కోసం వచ్చినట్టు బిగుసుకుపోయారు. అంతలో కరెంటు పోయింది. బయట కుండపోత. వాళ్లు వెళ్లలేరు, నేను తియ్యలేను. ఏం తోచక జేబులోంచి నీ ఉత్తరం తీసి కిటికీ దగ్గర నిలబడి మళ్లీ చదువుకుంటున్నాను. మీ వార్డులో నాలుగేళ్లవాడు డాక్టరుగారి చెయ్యి పట్టుకుని "ఏడవకుండా ఉంటే బిస్కెట్ ఇస్తా" అంటూ ఆయనకే పెన్సిలు గుచ్చబోయాడే, ఆ ఉత్తరం. నాకు నవ్వాగలేదు. "ఏమిటి బాబూ, మాకూ చెప్పకూడదూ?" అంది పెద్దావిడ. చదివాను. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. ఆవిడ నవ్వుతుంటే ఆయన తల తిప్పి చూశాడు. అబ్బ, ఆ చూపు! యాభై ఏళ్లుగా ఆ మనిషిని చూస్తున్నవాడు, ఇప్పుడే ఎవరో కొత్తగా పరిచయం చేసినట్టు చూశాడు. కిటికీలోంచి వెలుతురు వాలుగా పడుతోంది, ఇంక కరెంటుతో పనేముంది? నొక్కాను. నా చేత్తో ఇంత మంచి ఫోటో తీసి ఎన్నాళ్లైందో చెప్పలేను.

అప్పట్నుంచీ అదే పద్ధతి. నీ ఉత్తరాలు చదువుతాను, వాళ్లు నవ్వుతారు, నేను నొక్కుతాను. నువ్వు భుజం వెనక కాకుండా జేబులో ఉన్నావు, అంతే తేడా. ఎవరికేది చదవాలో కూడా తెలిసిపోయింది. పెళ్లి కాబోయే జంటలకి నువ్వు దారి తప్పి దిగిన బస్సే మళ్లీ ఎక్కిన సంగతి. చంటిపిల్లల తల్లులకి నువ్వు నిద్రమత్తులో కూరలో ఉప్పనుకుని పంచదార పోసిన సంగతి. పొట్ట లోపలికి లాగి ఊపిరి బిగబట్టే నాన్నలకైతే పిల్లికి తిండి తగ్గించమని డాక్టరు చెప్పిన సంగతి. అది వినగానే నవ్వొచ్చి ఊపిరీ, పొట్టా ఒక్కసారే వదిలేస్తారు, మనిషి మనిషిలా కనిపిస్తాడు. వానలు వెలిసాక వెలుతురు బాగుంటుందని జంటల్ని చెరువుగట్టుకి తీసుకెళ్తే అక్కడికీ నీ ఉత్తరాల కట్ట పట్టుకెళ్లాను. ఇప్పుడు జనం వస్తూనే "మేడమ్ ఏం రాశారండీ?" అంటున్నారు. నువ్వు అద్దెకుండే ఇంటావిడ గుట్టంతా మన వీధి నోట్లో నానుతోంది.

తిట్టు, పడతాను. ఒక్క మాట మాత్రం నమ్ము. ప్రతి ఉత్తరం చివరా నువ్వు నాకోసం రాసే నాలుగు లైన్లు ఎవరికీ చదవలేదు, ఒట్టు. అక్కడికొచ్చేసరికి దగ్గు తెచ్చుకునేవాణ్ణి. పాపం, ఒకావిడ దగ్గుమందు కూడా తెచ్చిపెట్టింది.

ఇంకొకటుంది. అది రాయడానికే ఇవాళ షట్టరు దించింది.

చలికాలం పెద్ద కుటుంబాల కాలమని నీకు తెలుసుగా. తొమ్మిది రోజుల కిందట బేకరీ ఆయన కుటుంబం వచ్చింది, పద్నాలుగు మంది. మధ్యలో కుర్చీలో వాళ్ల మామ్మ, వెనక కొడుకులూ కోడళ్లూ కూతురూ అల్లుడూ, కింది వరసలో పిల్లలు, చిన్న కోడలి చేతిలో చంటిది. అరగంట పట్టింది సర్దడానికి. సరిగ్గా అప్పుడు పోస్ట్‌మ్యాన్ నీ ఉత్తరం తెచ్చాడు. "తాజాది వచ్చింది, చదవండి చదవండి" అని పిల్లలు గోల. మామూలుగా ముందు నేనొక్కణ్ణీ చదువుకుని, ఎక్కడ దగ్గాలో చూసుకుని, ఆ తర్వాతే జనానికి చదువుతాను. ఆ రోజు చంటిది ఏడుపుకి రాగం తీస్తోంది. ఒక చేత్తో కెమెరా మీట పట్టుకుని, రెండో చేత్తో కవరు చించి చదివేశాను.

పిల్లి కనపడకుండా పోయి మాసిన బట్టల బుట్టలో దొరికిన చోట అందరూ బాగా నవ్వారు. ఆ ఊపులో కింది పేరాలోకి జారిపోయాను. "ఏమండోయ్, ఒకటి అడగాలి. వీళ్లు నన్ను ఉండిపొమ్మంటున్నారు" అని పైకే చదివాను. దగ్గు రాలేదు. "ఈ పని నాకెంత నచ్చిందో చెప్పలేను. కానీ అక్కడ మీరొక్కరూ షాపుతో తంటాలు పడుతుంటే నాకు మనసొప్పడం లేదు" దాకా వచ్చాక గానీ నా గొంతు ఆగలేదు. అందరి చూపూ నా మీదే. చంటిది కూడా నన్నే చూస్తోంది.

"మరి ఏం రాస్తావు నాయనా?" అంది మామ్మ.

"ఏముంది మామ్మగారూ, షాపు నడవడం లేదు, వచ్చెయ్యమని రాస్తాను" అన్నాను. నోటికి అలవాటైపోయిన మాట.

మామ్మ మెల్లగా తల తిప్పి తలుపు వైపు చూసింది. మిగతా పదమూడు తలలూ తిరిగాయి. బయట బెంచీ మీద రెండు కుటుంబాలు, ఒక కొత్త జంట, చోటు చాలక మెట్ల మీద ఇంకో నలుగురు తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు.

"అవునవును, పాపం," అంది మామ్మ, "ఈగలు తోలుకుంటున్నావు."

పద్నాలుగు మందీ ఒక్క పెట్టున నవ్వారు. అల్లుడుగారు బావమరిది భుజం మీద పడిపోయాడు. చంటిది ఎందుకో తెలీకుండానే బోసినోరు తెరిచింది. నా వేలు దాని పని అది చేసుకుపోయింది.

వెళ్లేటప్పుడు మామ్మ నా చెయ్యి పట్టుకుని ఆగింది. "ఆ పిల్ల అడిగింది షాపు సంగతి. నువ్వు చెప్పబోయేది నీ సంగతి. నీ సంగతైతే నీ సంగతనే రాయి, మధ్యలో షాపునెందుకు ఆడిపోసుకుంటావు?" అంది. తొమ్మిది రోజులుగా ఆ మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. అందుకే జవాబు ఆలస్యమైంది.

ఆ ఫోటో దీంతోపాటే పెడుతున్నాను. లెక్కపెట్టుకో. పద్నాలుగు మందిలో ఒక్కరు కూడా కళ్లు మూయలేదు. నా మీద నేనే ఇచ్చుకుంటున్న సాక్ష్యమిది.

కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తున్నాను. నువ్వు లేకపోయినా స్టూడియో నడుస్తోంది. షాపు కోసమైతే నువ్వు రానక్కర్లేదు. ఆ ఉద్యోగానికి ఒప్పుకో. భయపడుతున్న పిల్లల దగ్గర నిలబడి వాళ్లని నవ్వించడం నీకు చేతనైనట్టు ఇంకెవరికీ చేతకాదు. పన్నెండేళ్లు పక్కనుండి చూసినవాణ్ణి, నాకు తెలుసు. తెలిసీ అబద్ధాలు రాశాను. ఎందుకంటే నువ్వు లేకపోతే నాకు బాగాలేదు. సాయంత్రం షట్టరు దించాక ఇంటికెళ్లే దారి నాలుగింతలైంది. నాకు నువ్వు కావాలి. ఆ ఒక్క ముక్క నేరుగా రాయడం చేతకాక, ఇన్నాళ్లూ షాపుని అడ్డం పెట్టుకున్నాను. మన్నించు.

పొద్దున్న అమ్మకి జరిగిందంతా చెప్పాను. అంతా విని "ఆ ఊళ్లో మెట్లు లేని ఇళ్లు దొరుకుతాయేమో కనుక్కో" అంది. నేను తొమ్మిది రోజులుగా తటపటాయిస్తున్నదాన్ని ఆవిడ కాఫీ చల్లారేలోపు తేల్చేసింది.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను, నువ్వూ ఉన్నదున్నట్టు చెప్పు. మేమిద్దరం అక్కడికి వచ్చేస్తే నీకిష్టమేనా? మనుషులు అక్కడా ఉంటారు, కిటికీలు అక్కడా ఉంటాయి, కెమెరా పెట్టుకోవడానికి ఒక గది దొరక్కపోదు. చిక్కల్లా ఒక్కటే. ఒకే ఇంట్లో ఉంటే నువ్వు నాకు ఉత్తరాలు రాయవు. పగలంతా ఆస్పత్రిలో ఉంటావు కాబట్టి నా భుజం వెనకా ఉండవు. ఆ ఊరివాళ్ల ముందు నేనూ నా మొహమూ మిగులుతాం. మొదటి ఏడాది ఒక్కడూ నవ్వడు. నవ్వకపోతే పోనీ. సాయంత్రం ఇంటికొచ్చేసరికి నువ్వుంటావు.

ఇట్లు,
నీ మొగుడు